గాజుల సైజు

బళేపేటలో ఒక గాజుల అంగడి. సాయంత్రం ఐదు దాటింది, కొనడానికొచ్చిన పెద్దామె మాటిమాటికీ గోడ గడియారం వైపు చూస్తోంది.

“సీమంతానికి పచ్చ గాజులు ఇయ్యప్పా.”

“సైజు ఎంతమ్మా?”

“తెలీదు. ఆ పిల్ల సీరియల్లో ఉండాది.”

“సీరియల్లో పిల్లకి గాజులా?”

“ఏడో నెల పిల్ల, నిన్న మెట్లమీద జారిపడిందప్పా. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగలేదు. దేవుని ముందర గాజులు పెట్టి మొక్కుకుంటా.”

“కడుపుకి దిండు కట్టుకోని నటిస్తారమ్మా అది!”

“దిండని నాకూ తెలుసులే. మా పాపకీ ఏడో నెలే. మేము వద్దన్నోణ్ణి చేసుకోని ఊరికి ఆ చివర మారతహళ్ళిలో ఉండాది. ఆ పిల్ల గట్టెక్కితే మా పాపా గట్టెక్కుతాదప్పా.”

“అయితే మీ పాప సైజు చెప్పండి.”

“రెండూ నాలుగు. అది పెండ్లికి ముందర. ఇప్పుడు చేతులు వాచుంటాయేమో.”

“మెజస్టిక్ బస్టాండులో బస్సెక్కితే గంటన్నర. మీరే పోయి తొడిగి రండమ్మా.”

ఆమె అంగడాయన కట్టిచ్చిన గాజుల పొట్లం కొంగు కింద దాచుకుని గబగబా మెట్లు దిగింది.

“ఈపొద్దు ఎట్ల పోయేదప్పా? ఏడింటికి ఆ పిల్లకి ఆపరేషన్ చూపిస్తారు!”