గుండె బొమ్మకు ఎరుపు

ఫ్రేములు కట్టే ఆయనకు పాత బొమ్మల పిచ్చి. పూల బొమ్మలూ కొండల బొమ్మలూ కాదు, మనిషి లోపలి బొమ్మలు. ఏ కాలం వాళ్ళో రాగిరేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చువేసి, ఒక్కోదానికీ చేత్తో రంగులద్దిన గుండెలూ, ఊపిరితిత్తులూ, నరాలూ. ఇంటి గోడల నిండా అవే. ఎవరి మనసు దేనిమీద పడుతుందో ఎవరు చెప్పగలరు?

మర్నాడు పొద్దున ఆయన భార్యకు గుండె ఆపరేషను. ఆవిడేమో చచ్చినా రానని తెగేసి చెప్పి వరండాలో కూర్చుంది. నచ్చజెబుదామని ఆవిడ తమ్ముడు టైలరూ, పక్కింటి పిన్నీ వచ్చారు. ఆయన మాత్రం నచ్చజెప్పలేదు. కోతలు మొదలుపెట్టాడు.

"ఆ గుండె బొమ్మ ఉందే, చిత్తుకాగితాలవాడి మూటలో దొరికింది నాకు. నడిమికి చిరిగి, రంగు వెలిసి, ప్రాణం పోయినట్టుంది. వెనకాల సన్నకాగితం అతికించి, కుంచె కొసతో ఇంత ఎరుపు అద్దానో లేదో, ఏమైందనుకున్నారు? కాగితం వెచ్చబడింది."

"ఎండకేమో బావా," అన్నాడు టైలరు.

"ఎండెక్కడిదిరా, బయట వాన పడుతుంటే. అంతటితో అయిందా? ఫ్రేములో పెడితే అద్దం టకటకలాడింది. పెద్ద డాక్టరొచ్చి గొట్టం ఆనించి విని, ఇంత శుభ్రంగా కొట్టుకునే గుండెను నా సర్వీసులో వినలేదని చేతులు పట్టుకున్నాడు, పట్టుకుని ఊరుకున్నాడా, తన గుండె కూడా కాస్త చూసిపెట్టమన్నాడు, సరే కదా అని నేను కుంచె కడుక్కుని..."

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన ఆగితేగా. డాక్టరు తర్వాత ఓడ కెప్టెను గుండె, ఆ పైన సర్కసు ఏనుగు గుండె. ఏనుగుకైతే గోడలకు సున్నం వేసే బ్రష్షు వాడాల్సొచ్చిందట. చెబుతున్నంతసేపూ చూపు భార్య మీదే, పెదవి ఏమన్నా కదులుతుందా అని.

"ఇన్ని చేసినవాణ్ణి చెబుతున్నా, గుండె బాగుచేయడమంటే చొక్కాకి గుండీ కుట్టినంత పని."

అప్పుడు నోరు విప్పింది ఆవిడ.

"ఆ బొమ్మకు ఎరుపు అద్దింది నేను. గిన్నెలో రంగు కలుపుతుంటేనే నెత్తురులా ఉందని మీకు కళ్ళు తిరిగాయి. గోడవైపు తిప్పి కూర్చోబెట్టి అట్టముక్కతో విసిరింది మా తమ్ముడు."

టైలరు అవునన్నట్టు తల వంచుకున్నాడు. ఆయన లేచి దగ్గరికొచ్చాడు. భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆయన వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. తనకంటే ఎక్కువ భయపడుతున్నది ఎవరో ఆవిడకు అప్పుడు తెలిసింది.

"రేపు వెళ్దాం లెండి," అంది మెల్లగా. "మీరు మాత్రం బయట బెంచీ మీదే కూర్చోండి. లోపల వాళ్ళు నన్ను చూసుకోవాలా, మిమ్మల్ని లేవదీయాలా?"