సరంగు నిర్లక్ష్యం వల్ల

లేవకండి అన్నయ్యా, కూర్చోండి. ఫోను మోగితే మోగనివ్వండి. పంతొమ్మిదేళ్లు మీ పక్క టేబుల్ దగ్గర ప్రూఫులు దిద్దినదాన్ని, పది నిమిషాలు నా మాట వినలేరూ?

ఎంత తేలిగ్గా మార్చేశారండీ! ఒక్కటంటే ఒక్క వాక్యం.

ఏడాదంతా దేశంలో ఏం జరిగిందో మన ఇయర్‌బుక్కులో వేస్తాం. ఎన్నికలు, వరదలు, రైల్వే సమ్మె, పరుగుపందెంలో పతకం తెచ్చిన ఆ పిల్ల... అవన్నీ మీరే రాసుకున్నారు. లాంచీ మునిగిన సంగతి మాత్రం నన్ను రాయమన్నారు. "నువ్వే వెళ్లి కనుక్కురామ్మా, నువ్వైతే ఉన్నదున్నట్టు రాస్తావు" అన్నారు. అన్నారా లేదా? ఎంత పొంగిపోయానో! ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పి మురిసిపోయాను కూడా.

వెళ్లాను. నలభై మూడు మంది పోయారు. లాంచీ నడిపిన సరంగూ పోయాడు. వాళ్లావిడ నాకు స్టూలు వేసి, తను గుమ్మంలో కూర్చుంది. కాసేపటికి లేచి ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక కాగితం తీసింది. ఆయన రేవు ఆఫీసుకి పెట్టుకున్న అర్జీ నకలు. "అడుగు చెక్క కుళ్లిపోయింది, బాగుచేసేదాకా జనాన్ని ఎక్కించొద్దు" అని. అందినట్టు ఆఫీసు ముద్ర కూడా ఉంది. మునగడానికి పదకొండు రోజుల ముందు!

నడపకపోతే ఉద్యోగం పీకేస్తామన్నారట. నడిపాడు, పాపం.

"ఇది ఇంకెవరికీ ఇవ్వలేదమ్మా. పుస్తకంలో పడుతుందా?" అంది. ఎందుకు పడదూ అన్నాను. తెచ్చి మీ చేతిలో పెట్టాను. నా ఎదురుగానే బీరువాలో పెట్టి తాళం వేశారు.

మరి అది రేవు ఆఫీసు పెద్దసారు దగ్గరికి ఎలా వెళ్లింది? కాళ్లొచ్చాయా దానికి?

తల దించుకోకండి. మీరలా దించుకుంటే నా కోపం చల్లారిపోతుంది. ఇవాళ చల్లారకూడదు.

ఏమిటీ, ఒత్తిడా? పుస్తకం ఆపేస్తామన్నారా? ఆ మాట నాతో ఒక్కసారి చెప్పొచ్చు కదండీ! చెప్పకుండా ఏం వేశారు? "సరంగు నిర్లక్ష్యం వల్ల లాంచీ మునిగి నలభై మూడు మంది మరణించారు." ఆ నలభై మూడులో ఆయనా ఉన్నాడు! తిరిగి మాట్లాడలేడు కదా అని చచ్చినవాడి మీదికే తోసేశారు. ఉద్యోగ పరీక్షలకి పిల్లలు దీన్నే బట్టీ పడతారు.

సరే. ఇప్పుడు నా సంగతి.

ఆఖరి ప్రూఫు నా టేబుల్ మీదికే వచ్చింది. నేను చూడలేదనుకుంటున్నారా? చూశాను. కొట్టేద్దామని ఎర్ర పెన్ను మూత తీశాను. ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నాను, ఇప్పుడీ గొడవ నాకెందుకులే అనిపించింది. అదే పెన్నుతో కింద సంతకం పెట్టేశాను. మీరు చేసింది ద్రోహమైతే, మరి నాదాన్ని ఏమంటారండీ?

పొద్దున సరంగు వాళ్లావిడ వచ్చింది. పుస్తకం కొనుక్కుని మరీ వచ్చింది. చదువు రాదు ఆవిడకి. "మా ఆయన గురించి ఏ వరుసలో ఉందో వేలుపెట్టి చూపించి, చదివిపెట్టమ్మా" అంది.

చూపించాను అన్నయ్యా. ఆ వరుస మీదే వేలుపెట్టి, అందులో లేనిది చదివాను. ముందే అర్జీ పెట్టుకున్నాడనీ, నడపనన్నాడనీ, ఎవరూ వినలేదనీ... నేను మొదట రాసిందంతా గుర్తుపెట్టుకుని చదివేశాను. రెండుసార్లు చదివించుకుంది. నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

పేజీ మడతపెట్టుకుని వెళ్లింది. కూతురు తొమ్మిదో తరగతట. ఇవాళ హాస్టల్ నుంచి వస్తోందట, దానిచేత ఇంకోసారి చదివించుకుంటుందట.

ఐదున్నరకి బస్సు దిగుతుందట ఆ పిల్ల.