నర్సు ఏమంది?

పరాయి దేశంలో ఒక ఆసుపత్రి గదిలో ఇద్దరు తోటికోడళ్ళు. చిన్నామె మంచం మీద, పెద్దామె పక్కన కుర్చీలో. నర్సు ఇప్పుడే బయటికి వెళ్ళింది.

“అంతసేపు మాట్లాడింది కదా, ఏమంది అక్కా?”

“ఏముంది, విశ్రాంతి తీసుకోమంది. పాలు తాగు, చల్లారిపోతున్నాయి.”

“దానికి అంతసేపా?”

“వాళ్ళు మాట్లాడితే అంతే. సాగదీస్తారు.”

“బిడ్డని ఒక్కసారి చూపిస్తారా?”

“చూసి ఏం చేస్తావే? ఊపిరి లేకుండా పుట్టిన పిల్లని చూస్తే ఇక మర్చిపోలేవు.”

“పాదాలు వాచినప్పుడే నీకు చూపించాను.”

“నాకూ వాచాయిగా. మావాడు కడుపులో ఉన్నప్పుడు చెప్పులు పట్టేవి కాదు. నాకు తగ్గినట్టే నీకూ తగ్గుతుందనుకున్నా.”

“నీకు ఇక్కడ నెలనెలా బీపీ చూసేవాళ్ళు.”

“అప్పటి రూలు వేరు. ఫోన్ చేసి మరీ రమ్మనేవాళ్ళు. ఇప్పుడేమో ఉచిత వైద్యం చేయించుకుంటే దేశంలో ఉండనివ్వరని అందరూ అంటుంటే...”

“అందుకే వాళ్ళు నీకు చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుని నాకు చేశావు. టేపుతో పొట్ట కొలిచావు. నీకు మిగిలిన ఐరన్ మాత్రలు వేశావు.”

“లోటు చేశానా?”

“లేదు. తలనొప్పికి తడిగుడ్డ కూడా నువ్వే కట్టావు.”

“ఆ ఎత్తిపొడుపేంటి? నా మీద ఏడుస్తావేం, రూలు మార్చినవాళ్ళ మీద ఏడువు. వాళ్ళ కడుపు మాడ. ఈ దేశంలో ఉండనివ్వమని పెట్టుకున్న మనందరి కాగితాలూ ఒకే దరఖాస్తులో ఉన్నాయి. నువ్వొక్కదానివి ఇక్కడికొస్తే నా పిల్లాడూ రోడ్డున పడేవాడు. మీ బావగారు వద్దన్నారు, మీ ఆయన సరేనన్నాడు, నువ్వూ తలూపావు.”

“ఊపాను.”

“మరి?”

“నర్సు ఏమంది?”

“చెప్పాగా, విశ్రాంతి...”

“ఆవిడ మాట్లాడుతుంటే కుర్చీ పట్టుకున్నావు.”

“కళ్ళు తిరిగాయి. పొద్దున్నుంచి ఏం తినలేదు.”

“రెండేళ్ళుగా హోటల్లో దుప్పట్లు ఉతుకుతున్నాను అక్కా, వాళ్ళ మధ్యే. వాళ్ళ భాష నోరు తిరగదు గానీ వింటే తెలుస్తుంది.”

“ఏం తెలిసింది?”

“నువ్వే చెబుతావేమోనని చూశాను.”

“ఏ నోటితో చెప్పనే?”

“కడుపుతో ఉన్నవాళ్ళకి ఆ రూలు లేదంది. ఎప్పుడూ లేదంది.”

“నాకూ ఇప్పుడే తెలిసింది. నా పిల్లాడి మీద ఒట్టు.”

“నమ్ముతాను. కానీ, మరి ఇన్ని నెలలూ ఎందుకు రాలేదని అడిగింది. రమ్మని బతిమాలినా నేనే మొండికేశానని చెప్పావు.”