భీమడోలు దగ్గర అగరొత్తి మీద ఉడికిన పొంగలి

"ముందు గోవిందా అనండి, తర్వాత తపేలాల సంగతి మాట్లాడుకుందాం," అన్నారు రామకోటేశ్వరరావు గారు, బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ.

కంకిపాడులో మంగాయమ్మ టీ కొట్టు ముందు కూర్చున్నవాళ్ళంతా గోవిందా అన్నారు. పైవారం ద్వారకా తిరుమలకి నడిచి వెళ్ళే బృందం అది. పోయినేడు సామాన్ల ఆటో దారిలో ఆగిపోయి, పెద్ద గిన్నెలన్నీ అందులోనే ఉండిపోయి, మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు తాగి నడిచారు. అందుకని ఈసారి ఎవరి సంచిలో వాళ్ళు మోసుకుపోయేలా చిన్న తపేలాలు, కప్పులు కొనాలనుకున్నారు. సాయంత్రం లక్ష్మీకాంత్ బెజవాడ వన్‌టౌన్ వెళ్ళి తెస్తాడు. ఏవి తేవాలో, గరిటె ఎవరి చేతికివ్వాలో ఇప్పుడే తేలాలి.

గరిటె సంగతి చిన్నదేం కాదు. దారిపొడుగునా వండినవాళ్ళే ఆఖరి మజిలీలో, కొండ కింద పొంగలి వండి స్వామికి నైవేద్యం పెడతారు. అది అయ్యేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. ఇన్నేళ్ళూ ఆ చెయ్యి మంగాయమ్మది. ఈ ఏడు తనదవ్వాలని రామకోటేశ్వరరావు గారి కోరిక. ఆయనకి ఊళ్ళో మోటార్లు బాగుచేసే షాపుంది. ఇవాళ దానికి తాళం వేసి, గుడ్డసంచి పట్టుకుని వచ్చారు. సంచిలోంచి కండువా చుట్టిన చిన్న స్టీలు తపేలా, చెవి ఉన్న కప్పు తీసి, కండువా సగమే విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇందులో నా గొప్పేం లేదండీ, అంతా వెంకన్న నేర్పిందే. లక్ష్మీకాంతూ, కొట్లో మెరుపు చూసి మోసపోకు. అందరూ గిన్నె లోపల చూసి కొంటారు, నేను అడుగు చూసి కొంటాను. మూడు రాళ్ళ మీద పెడితే ఊగకూడదు. రేకు మరీ పల్చనైతే అన్నం మాడుద్ది, మరీ మందమైతే నీ వీపు విరుగుద్ది. సత్తు గిన్నె తేలిగ్గా ఉంటది గానీ అందులో చింతపండు పులుసు కాచావో, పులుసు రుచి పాడు, గిన్నె రంగు పాడు. ఇత్తడికి కళాయి ఉండాలి. అందుకే స్టీలు. కప్పు సంగతంటావా, అంచు బయటికి మడిచి ఉండాలి, లేకపోతే టీ తాగేప్పుడు పెదవి కాలుద్ది. ఒక కప్పులో ఇంకో కప్పు దూరాలి, ఆ రెండూ తపేలాలో దూరాలి, తపేలా సంచిలో దూరాలి. అంతేనా మంగాయమ్మా?"

"అంతే అన్నయ్యగారూ," అంది మంగాయమ్మ. ఆ మాటల్లో తప్పేం లేదు.

"ఇదిగో ఈ తపేలా. మీ బృందం ఇంకా పుట్టని రోజుల్లో నేనూ మా తోడల్లుడూ ఇద్దరమే నడిచేవాళ్ళం, అప్పట్నించీ ఇదే. హనుమాన్ జంక్షన్ దాటాక ఒక తోటలో ఆగి, నాలుగు ఎండుపుల్లలు ఏరి, ఇద్దరికీ సరిపడా పొంగలి వండా. అంతే, అంతకన్నా ఏం లేదు. పక్కన ఎవరో ముసలాయన కూర్చుంటే ఆయనకీ పెట్టాం. తర్వాత ఇంకో నలుగురొచ్చారు. వాళ్ళకీ సరిపోయింది."

"ఇంత తపేలాలోనా బాబాయ్?" అంది సింధూరి. బ్యాంకులో పనిచేస్తుంది, ఈ ఏడే కొత్తగా నడుస్తోంది. "అవునూ, ఇన్నేళ్ళు పుల్లల పొయ్యి మీద పెట్టారు కదా, ఒక్క మసి మరకైనా లేదేం?"

"మంచి మాట అడిగావమ్మా. పొయ్యి మీద పెట్టేముందు బయటంతా తడిమట్టి పూయాలి. దించాక నీళ్ళు పోస్తే మసీ మట్టీ కలిసి పోతాయి. మంగాయమ్మా, అబద్ధమా?"

"నిజమే," అంది మంగాయమ్మ. "మేమూ అలాగే చేస్తాం."

ఆ ఒక్క మాటతో బల్ల మీద వాళ్ళంతా కాస్త ముందుకి జరిగారు. లక్ష్మీకాంత్ అయితే, "ఈసారి బాబాయ్‌ని వండమందామా?" అని పక్కవాళ్ళని అడిగేశాడు కూడా. దాంతో ఆయన గొంతు ఇంకొంచెం లేచింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? భీమడోలు దగ్గరికొచ్చేసరికి వాన. అట్టాంటిట్టాంటి వాన కాదు, పుల్లలు తడిశాయి, పిడకలు తడిశాయి, అగ్గిపెట్టె తడిసింది. దారిలో మాలాగే నడిచేవాళ్ళు ఇంకో వందమంది, అందరి పొయ్యిలూ ఆరిపోయాయి. పసిపిల్లలు ఏడుస్తున్నారు. నేను స్వామిని తలుచుకున్నా. సంచి తడిమితే పొడిగా ఉన్నది ఒకే ఒక్క అగరొత్తి. పక్కన బడ్డీకొట్లో దీపం వెలుగుతుంటే దాన్నించి అంటించుకున్నా. మూడు రాళ్ళు పెట్టి, తపేలా పెట్టి, కింద అగరొత్తి గుచ్చా."

"అగరొత్తి మీద పొంగలా!" అన్నాడు లక్ష్మీకాంత్.

"అందుకే అడుగు చూసి కొనమంటున్నది. మంచి అడుగైతే వేడి ఎక్కడా వృథా పోదు. బియ్యం ఉడికింది, పెసరపప్పు ఉడికింది, నెయ్యి పైకి తేలింది."

"నెయ్యి ఎంత పోశారండీ?" అంది మంగాయమ్మ.

"ఒక్క చెంచా. ఆ వాసన ఎటు పోయిందంటారు? తిన్నగా రైలు కట్ట మీదికి. విశాఖపట్నం వైపు పోయే బండి వస్తోంది, వచ్చింది వచ్చినట్టే ఆగిపోయింది."

"సిగ్నల్ పడలేదా బాబాయ్?"

"సిగ్నల్ పచ్చగానే ఉందమ్మా. డ్రైవరు దిగి, 'ఏవండీ, ఏం వండుతున్నారండీ?' అన్నాడు. ప్రసాదం బాబూ, రా, అన్నా. అంతే, ఇంజను దగ్గర్నించి గార్డు పెట్టె దాకా అందరూ దిగారు. ఆకుల్లేవు, పళ్ళేల్లేవు, ఉన్నది ఈ ఒక్క కప్పు. దీంతోనే కొలిచి అందరి దోసిళ్ళలో పోశా. దీని చెవి చూడండి, రెండు చోట్ల అతికించారు కాబట్టి ఊడలేదు. ఇంకోటైతే రెండో పెట్టె దగ్గరే ఊడేది. అందరూ తిన్నాక తపేలాలోకి చూస్తే పొంగలి మెడదాకా ఉంది. ఇంతలో ఆవిరికి మూత లేచి ఎగిరిపోయింది. ఎక్కడ పడిందో తెలుసా? మర్నాడు కొండెక్కుతుంటే మెట్ల మీద దొరికింది. మాకంటే ముందే దర్శనం చేసుకుంది."

"మరి అగరొత్తి?" అంది సింధూరి నవ్వాపుకుంటూ.

"సగమే అయిందమ్మా. మిగతా సగంతో స్వామికి ధూపం వేశాం."

లక్ష్మీకాంత్ ఫోను తీశాడు. "బాబాయ్, మీ తోడల్లుడు గారి నంబరు చెప్పండి. ఆయన నోటితో కూడా విందాం."

"ఇవాళ శనివారం కదయ్యా, ఆయన మౌనవ్రతం." రామకోటేశ్వరరావు గారు కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. "నన్ను చూసి ఇవ్వొద్దు గరిటె. తపేలాని చూసి ఇవ్వండి."

మంగాయమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి, పైటకొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"చూసే ఇద్దాం అన్నయ్యగారూ. ఇలా ఇవ్వండి, అందరికీ ఇందులోనే టీ కాస్తాను. రైలుకి సరిపోయింది, ఎనిమిదిమందికి సరిపోదా?"

ఆయన కళ్ళు తెరిచేలోగా తపేలా ఆమె చేతిలో ఉంది. కండువా పూర్తిగా విప్పి ఆయన భుజం మీద వేసింది. ఏ గిన్నెనైనా పొయ్యెక్కించే ముందు అడుగు చేత్తో తుడవడం ఆమెకి అలవాటు. తుడవబోయి ఆగింది. తపేలాని తిరగేసి వెలుగులోకి పట్టుకుంది.

అడుగు మధ్యలో కొట్టువాళ్ళు అంటించిన గుండ్రటి కాగితం. అంచు కూడా లేవలేదు. ధర కూడా చెరగలేదు.

"మట్టి పూస్తే మసి అంటదు, నిజమే," అంది మంగాయమ్మ నెమ్మదిగా. "కాగితం కూడా కాలదని మాత్రం ఇవాళే తెలుసుకున్నానండీ."

బల్ల ఊగేలా నవ్వారు. లక్ష్మీకాంత్‌కి తాగుతున్న టీ ముక్కులోకి పోయింది.

రామకోటేశ్వరరావు గారు తపేలా వెనక్కి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని శ్రద్ధగా చూశారు.

"లక్ష్మీదేవి బొమ్మ ఉంది కదమ్మా దీని మీద. అమ్మవారిని అగ్గి ముట్టుకుంటదా?"

"అయితే దీన్ని పొయ్యి మీద పెట్టడం అపచారం," అంది మంగాయమ్మ. "దేవుడి గూట్లో పెట్టించండి. మీరు చెప్పిన కొలతలు మాత్రం బాగున్నాయి. లక్ష్మీకాంత్ అలాంటివే తెస్తాడు, నేను వండుతాను."

లక్ష్మీకాంత్ తలూపి బండి తాళం తీసుకున్నాడు. రామకోటేశ్వరరావు గారు తపేలాకి మళ్ళీ కండువా చుట్టారు, ఈసారి చాలా నెమ్మదిగా.

"కొండ కింద నైవేద్యం పెట్టేప్పుడు మరి నేనేం చెయ్యాలమ్మా?" అన్నారు.

"అగరొత్తి మీరే వెలిగించండి బాబాయ్," అంది సింధూరి.