హికోషిచి కుస్తీ

కుస్తీవాళ్ళనెవరినైనా ఎరుగుదువా తాతా అని అడుగుతున్నావు గానీ, ఎరక్కపోవడమేంటే, మన హికోషిచి రోజూ నా స్నానశాలకే వచ్చేవాడు. ఈ వీధికంతటికీ వేణ్ణీళ్ళ స్నానశాల అప్పుడు నాదొక్కటే. మనిషి నా నడుం దాకా కూడా రాడు. చేతులు మాత్రం, అబ్బో, దుంగలే. పెద్ద కుస్తీలకి ముందు మరుగుజ్జుల కుస్తీ అని ఆడించేవాళ్ళులే ఆ రోజుల్లో. వీడు రిఫరీ కాళ్ళ సందున దూరి వెనకనించి అతని లాగూ పీకేవాడు, జనం పొట్టలు పట్టుకుని... ఏం చెబుతున్నానూ? ఆఁ, స్నానం. పిల్లలు గుడ్లప్పగించి చూస్తుంటే తండ్రులు "తప్పురా, చూడకు" అని మొహాలు తిప్పేసేవాళ్ళు. వీడికి ఒళ్ళు మండేది ఆ తండ్రుల మీదే. "చూడనీవయ్యా, టిక్కెట్టు అడగన్లే!" అనేవాడు.

ఒకసారి వీడి కుస్తీ టీవీలో వేశారు. మర్నాడే బియ్యంకొట్టు కురాషిగె గారు టీవీవాళ్ళకి రాసిన కాయితం పట్టుకుని దిగాడు. వీధి సంఘం పెద్దగదా. "పాపం, అలాంటివాళ్ళని చూపించి నవ్వించడమేంటండీ, ఆపించాలి" అన్నాడు. మంచిమాటే అనిపించింది. సంతకం బదులు నా పేరు ముద్ర కూడా కొట్టా. అవునే, నేనే. అట్లాంటి ఉత్తరాలు ఇంకెన్ని వెళ్ళాయో, వీడు మళ్ళీ టీవీలో కనపడలా.

ఊరుకుంటాడా! వారం రోజులు వరసగా టీవీవాళ్ళ ఆఫీసుకెళ్ళి కూచున్నాడు. అక్కడి ఉద్యోగి ఒకడు నడుం విరిగేలా వంగి, "మీ మంచి కోసమేనండీ" అన్నాట్ట. "నా మంచి నన్నడిగావా?" అన్నాట్ట వీడు. చివరికి విసిగిపోయి ఉత్తరాల కట్ట తెచ్చి ముందు పడేశారు. అందులో నా ముద్ర చూశాడు.

ఆ సాయంత్రం వచ్చాడు. కొడతాడనుకున్నా. "అన్నా, నా కుస్తీలో ఏది బాలేదు?" అన్నాడు. "బాలేదని కాదురా, జాలేసి..." అని నసిగా. "ఎట్లా పడితే మీరు నవ్వుతారో పన్నెండేళ్ళు నేర్చుకున్నా. రోడ్డు మీద నవ్వితే నేనేం చెయ్యలేను. బరిలో నవ్వు నా సంపాదన. ఆదివారం కవాగుచి ఊళ్ళో ఆడుతున్నాం, ముందు వరసలో కూచో. కళ్ళు మూసుకున్నావో, దిగొచ్చి ఈడ్చుకెళ్తా!"

వెళ్ళా. ఇనపకొలుముల పక్కన ఖాళీ జాగా, ముప్ఫైమంది జనం, తుంపర. వీడు బరి చుట్టూ కట్టిన తాడు మీదనించి దూకాడు. అవతలివాడు అందుకోవాల్సింది, చెయ్యి జారింది. భుజం విరిగిన చప్పుడు నా చెవిని పడింది. అంతా బిగుసుకుపోయాం. ఒకావిడ లేచి "అయ్యో, ఆపండి!" అంది. వీడు ఒక చెయ్యి వేలాడేసుకుని, "కూచోమ్మా, ఇంకా అయిపోలా!" అని కసిరి, పాక్కుంటూ పోయి అవతలివాడి పిర్ర కొరికాడే! నవ్వు ఆపుకోలేకపోయా. కళ్ళమ్మట నీళ్ళు. వీడూ చూశాడు నన్ను.

తర్వాత టీవీవాళ్ళకి ఇంకో ఉత్తరం రాశా, మళ్ళీ వెయ్యండని. వీడే చదివి, "పాపం" అన్న చోటల్లా కొట్టేశాడు. జవాబు రాలా. అయినా నెలకొకటి రాశాం ఇద్దరం, తొమ్మిదేళ్ళు. జోడీ పట్టేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు, బరి అమ్మేశారు, అయినా రాశాం. వాడు పోయాక నేనొక్కణ్ణే ఇంకో రెండు ఉత్తరాలు...

ఆ కిటికీ వెయ్యవే, చలి కొడుతోంది.