అరటిపండు నాడి

మలేషియాలోని పెనాంగ్, అయెర్ ఇతామ్ సంతవీధి. మధ్యాహ్నపు బేరం సద్దుమణిగాక, చేపల పులుసులో నూడుల్స్ వేసిచ్చే తన లక్సా దుకాణంలో గైక్ లీన్ గిన్నెలు కడుగుతోంది. నాడి చూసే చేతిపట్టీలకు సర్క్యూట్లు గీసే ఆమె మొగుడు బూన్ టెక్, నూడుల్స్ ముందు పెట్టుకుని ఫోన్‌లోకి చూస్తున్నాడు.

"నీ నాడి డెబ్బై రెండు! చూశావా గైక్, నిన్న ఇక్కడ పోట్లాడుకున్నప్పుడు కూడా డెబ్బై రెండే. కోపం లేకుండానే నా మీదికి గరిటె విసిరావన్నమాట."

"అలా ఉందా నీ ఫోన్‌లో?"

"మొన్నట్నుంచీ అంతే. దుకాణం తెరిచింది మొదలు కట్టేసేదాకా, అంకె కదిలితే ఒట్టు. గుళ్ళో విగ్రహానిక్కూడా ఇంత ప్రశాంతత ఉండదు. సోమవారం పట్టీలు కొనేవాళ్ళొస్తున్నారు, నీ నాడే చూపిస్తాను. గుండీ అంత బ్యాటరీతో నెల్లాళ్ళు!"

"నూడుల్స్ చల్లారిపోతున్నాయి టెక్."

"మాట మారుస్తున్నావేం?"

"ఏం లేదు. ఆ పట్టీ... నా చేతికి లేదు."

"లేకపోతే నాడెలా వస్తుందే? ఎక్కడుంది?"

"వెనక్కి తిరుగు. కొక్కేనికి అరటిపళ్ళున్నాయి చూడు. అన్నిటికంటే కిందిది."

"...అరటిపండుకి కట్టావా?"

"దురద పెడుతోందని విప్పాను. మొన్న పొద్దున."

"అంటే మొన్నట్నుంచీ నేను అరటిపండు ఆరోగ్యం చూసుకుంటున్నానా? ఎదురుగా కూర్చుని నీ చెయ్యి చూడలేదు, ఫోన్ చూశాను!"

"ఆఫీసులో అందరికీ చూపించానన్నావుగా."

"మా పెద్దాయనక్కూడా. 'మీ ఆవిడది గట్టి గుండె' అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, అందరం కలిసి కట్టేశాం. ఆగాగు. ఆ ఫ్యాన్ ఆపు."

"ఉక్కబోస్తోంది, ఎందుకూ?"

"ఆపవే బాబూ... ఆగిందా? సున్నా."

"పోయిందా?"

"పోయింది. అరటిపండు పోయింది."

"అయ్యో, ఇంకా సరిగ్గా పండనే లేదు."

"నవ్వకు. పట్టీ ఏం చేస్తుంది? చర్మం మీద దీపం వేసి, తిరిగొచ్చే వెలుతురులో నాడి వెతుకుతుంది. పైన నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ రెక్కల నీడ పడుతుంటే అదే నాడనుకుంది. బయటి వెలుతురుని తీసేసే భాగం ఒకటుండేది. కరెంటు తింటోందని నేనే పీకేశాను."

"బాత్రూంలో బల్బు పీకేసినట్టు."

"ఆ చేత్తోనే. పుట్టు పిసినారిని కదా! ఇంత చదువూ చదివి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చెప్పే పట్టీ కనిపెట్టాను. తలెత్తి చూస్తే తెలిసేదానికి!"

"మరి సోమవారం?"

"ఫ్యాన్లమ్మేవాళ్ళని పిలుస్తాను. ఎగబడి కొంటారు."

"టెక్... నా చేతికున్నప్పుడు చూపించిందేంటి మరి?"

"నీ చేతికున్నప్పుడా? నీ... నువ్వు పొద్దస్తమానం ఈ ఫ్యాన్ కిందేగా ఉంటావు."

"ఊఁ."

"అప్పుడూ ఫ్యానే. ఏదీ, చెయ్యి ఇలా ఇయ్యి."

"చేపల వాసనొస్తుంది."

"రానీ. వేళ్ళతో చూస్తాను, దీనికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. ఒకటి, రెండు, మూడు... ఆఁ? నాలుగయిదు... ఉండు, లెక్క తప్పింది. ఒకటి, రెండు... మళ్ళీ తప్పింది. పదంకెలు లెక్కపెట్టడం రాదు, ఇంజనీర్నట!"

"తప్పుతున్నది నీ లెక్క కాదు."

"గైక్... ఇది తడబడుతోంది. ఆగుతోంది, ఉన్నట్టుండి పరిగెడుతోంది. లే, దుకాణం కట్టెయ్, ఆసుపత్రికి పోదాం. ఎప్పట్నుంచే ఇది? నాతో చెప్పొద్దూ?"

"మొన్న పొద్దున ఇక్కడే చెప్పాను టెక్. గుండె దడదడమంటోంది, నాకు భయంగా ఉందన్నాను. నువ్వు ఫోన్ చూసి, డెబ్బై రెండే, బ్రహ్మాండం అన్నావు. అప్పుడే విప్పి ఆ అరటిపండుకి కట్టాను."