ఒట్టు పెట్టని సాక్షి

1972లో ఒక పొద్దున, పాతబస్తీ కోర్టు వరండాలో ఒక వకీలు, ఆయన సాక్షిగా తెచ్చిన ఒక క్రైస్తవ ముసలామె మాట్లాడుకుంటున్నారు.

“అమ్మా, బోనెక్కంగనే దేవుని మీద ప్రమాణం చెయ్యాలె.”

“చెయ్య. ఒట్టే పెట్టుకోవద్దన్నడు ఏసయ్య.”

“కోర్టుల అందరూ చేస్తరమ్మా.”

“చేసి అందరూ నిజమే చెప్తున్నరా వకీల్ సాబ్?”

“గది నన్నడగకు. నా ధందా నడవాలె.”

“అవునంటే అవును, కాదంటే కాదు. నా మాట చాలదా?”

“సరే, దేవుని పేరు తియ్యకుంట నిజం చెప్తనను. దానికి కానూన్ ఒప్పుకుంటది. పురానాపూల్ కాడ సేటు తలకాయ పగలగొట్టింది, కేసుల ఇరికిన మన ఆగయ్య కాదని చెప్పు, గంతే.”

“చెప్త. ఆగయ్య కాదు.”

“శభాష్.”

“మరి ఎవరని జడ్జి సాబ్ అడిగితే?”

“తెల్వదను.”

“అబద్ధమైతది గద.”

“అంటే, ఎవరో నీకెరుకనా?”

“నేనే. సేటు నా కోడలి కొంగు వట్టిండు, రోకలి తీస్కొని కొట్టిన. ఆపనీకొచ్చిన ఆగయ్య దొరికిండు.”

“పోలీసులకు చెప్పలేదా?”

“చెప్పిన. ముసల్దానివి నువ్వేం కొడ్తవని నవ్విన్రు. జడ్జి సాబ్ నవ్వడు గద?”

“నవ్వడమ్మా. జైల్లేస్తడు.”

“వెయ్యనీ. ఆగయ్యనైతే ఇడుస్తడు. పా, పేరు పిలుస్తున్నరు.”